ముడి వేసుకుంటూ పోతే
(తాడుతో శిల్పాలు చేసిన మృణాళిని ముఖర్జీ గురించి ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల వర్క్‌షాప్ మొదటి రోజు చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసుకున్న పాఠం ఇది. మాట్లాడిన తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. ఇవాళ స్లైడ్లలో చూడాల్సిందంతా ముడుల్లోనే ఉంది. అంత దూరం నుంచి ఏమీ కనిపించదు.

పొద్దున మీ పోర్ట్‌ఫోలియోలు తిరగేశాను. సగం మందికి పైగా "మిక్స్‌డ్ మీడియా" అని రాసుకున్నారు. కాన్వాస్ ఉంటుంది, దాని మీద యాక్రిలిక్ ఉంటుంది, ఒక మూల గోనెపట్టా ముక్కని ఫెవికాల్‌తో అంటిస్తారు, ఇంకో మూల నాలుగు దారాలు వేలాడతాయి. బాగాలేవని అనను. రెండు మూడు నిజంగా బాగున్నాయి కూడా. కాని ఒక్క ప్రశ్న. ఆ గోనె ముక్క పీకేస్తే మీ బొమ్మకి ఏమవుతుంది? (నవ్వులు) నవ్వుతున్నారంటే జవాబు మీకు తెలుసన్నమాట. ఏమీ అవదు. కాస్త జిగురు మరక మిగులుతుంది, అంతే.

ఇవాళ నేను మాట్లాడబోయే మనిషి పనిలో అలా పీకడానికి వీలున్న ముక్క ఒక్కటీ దొరకదు. శిల్పం ఎక్కడ ఆగింది, రంగు ఎక్కడ మొదలైంది, నార పని ఎక్కడుంది అని వేలు పెట్టి చూపించలేం. మూడూ ఒకే ముడిలో పడిపోయాయి. ఆ మనిషి పేరు మృణాళిని ముఖర్జీ.

ఎంతమంది విన్నారు ఈ పేరు? చేతులెత్తండి. నలుగురు... అయిదుగురు. సరే. మీ తప్పు కాదు. మన సిలబస్‌లో శిల్పం అంటే రాయి, చెక్క, లోహం, మట్టి, ఫైబర్‌గ్లాస్. తాడు ఆ లిస్టులో లేదు.

ఆవిడ 1949లో ముంబైలో పుట్టారు. తండ్రి బినోద్ బిహారీ ముఖర్జీ, శాంతినికేతన్ చిత్రకారుడు. అక్కడి హిందీ భవన్ గోడల మీద మధ్యయుగ భక్తుల జీవితాలతో ఉన్న పెద్ద కుడ్యచిత్రం ఆయన వేసిందే, 1946-47లో. తల్లి లీలా ముఖర్జీ శిల్పి, చెక్క మీదా కంచులోనూ పనిచేశారు. పిల్ల పెరిగింది డెహ్రాడూన్‌లో, సెలవులకు పోయేది శాంతినికేతన్. తండ్రికి 1957లో చూపు పూర్తిగా పోయింది. అయినా పని ఆపలేదాయన. కాగితాలు కత్తిరించి అతికించేవారు. 1972లో శాంతినికేతన్‌లోని కళల కాలేజీ, కళాభవన్ గోడకి పింగాణీ పలకలతో ఒక కుడ్యచిత్రం చేశారు, అదంతా చేత్తో తడుముకుంటూ. దీని ప్రభావం కూతురి మీద ఇంత పడింది అని నేను కొలిచి చెప్పను. విమర్శకులు ఆ పని కావలసినంత చేశారు. చూపు లేకుండా కూడా బొమ్మ చేయవచ్చనే సంగతి ఆ ఇంట్లో వింత కాదు, అంతవరకు చెప్పగలను.

ఆవిడ చదివింది బరోడాలో. చిత్రకళలో డిగ్రీ, తర్వాత చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్ర రూపకల్పన. ఈ సుబ్రమణ్యన్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆయనకీ మనకీ చుట్టరికం ఉంది. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ 1963 నుంచి 65 దాకా బరోడాలో మ్యూరల్, అంటే కుడ్యచిత్రం, చదివింది ఆయన దగ్గరే. తోట వైకుంఠం కూడా ఆయన శిష్యుడే. లక్ష్మాగౌడ్ ఎచింగ్ నుంచి టెర్రకోటకి, అక్కణ్ణుంచి కంచుకి ఏ మొహమాటమూ లేకుండా తిరగడం మీరు చూశారు కదా, ఆ ధైర్యానికి ఆ క్లాసురూములో కొంత మూలం ఉంది.

సుబ్రమణ్యన్ 1959-61 మధ్య ముంబైలో ఆలిండియా హ్యాండ్‌లూమ్ బోర్డులో డిజైన్ విభాగంలో పనిచేసి మళ్లీ బరోడాకి వచ్చారు. మగ్గాల మధ్య తిరిగి వచ్చిన మాస్టారన్నమాట. బరోడాలో ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ అని తిరనాళ్ల లాగా జరిగేది. విద్యార్థులూ మాస్టార్లూ కలిసి బొమ్మలు, ఆటవస్తువులు, అల్లికలు చేసి అమ్మేవారు. పెద్ద కళ, చిన్న కళ అనే గీత అక్కడ అంత గట్టిగా ఉండేది కాదు. ఆ వాతావరణంలో ఒక అమ్మాయి తాడు తీసుకుని ముడి వేయడం మొదలుపెడితే, ఇదేం పని అని అడిగేవాళ్లు లేరు. మిగతా దేశం మాత్రం తర్వాత చాలా ఏళ్లు అడిగింది, లెండి.

స్లైడ్ మార్చండి. ఇంకోటి. ఆ, ఇది.

మొదట్లో ఆవిడ పనులు గోడకి వేలాడేవి. 1975 నాటి "వాటర్‌ఫాల్" లాంటివి. తాళ్లు గోడ మీంచి కిందికి దిగుతాయి. అప్పటికి ప్రపంచమంతా మాక్రమే పిచ్చి పట్టి ఉంది. మగ్గం అక్కర్లేదు, సూది అక్కర్లేదు, ముడులతోనే అల్లుకుంటూ పోవడం. మీ అమ్మమ్మల ఇళ్లలో పూలకుండీ తగిలించే అల్లికలు, ప్లాస్టిక్ వైరు బుట్టలు చూసే ఉంటారు. టెక్నిక్ పరంగా చూస్తే ఆవిడ చేసింది ఇంచుమించు అదే. నేను కావాలనే చెప్తున్నాను ఈ మాట. ఆవిడ రహస్య విద్యేదీ కనిపెట్టలేదు. వారపత్రికల మహిళా శీర్షికల్లో నేర్పే ముడులు పట్టుకుని గర్భగుడిలో నిలబెట్టదగ్గ మూర్తుల్ని చేశారు.

గర్భగుడి అని ఊరికే అనలేదు. చిన్న గర్భగుడిలోకి అడుగుపెట్టి తలెత్తి చూస్తే కలిగే విభ్రమం లాంటిది తన శిల్పాల ముందు కలగాలని ఆవిడే చెప్పుకున్నారు. పేర్లు చూడండి: నాగదేవత, వనరాజా, రుద్ర, దేవి, యక్షి, పక్షి, వనశ్రీ, పుష్ప్. 1980 దాటేసరికి తాడు గోడ వదిలేసింది. కొన్ని పైకప్పు నుంచి వేలాడాయి, కొన్ని నేల మీద నిలబడ్డాయి, కొన్ని కూర్చున్నాయి. మనిషంత ఎత్తు, కొన్ని అంతకన్నా ఎత్తు. దేవతా విగ్రహమా, పువ్వా, స్త్రీ శరీరమా అంటే తేల్చుకోలేం. మడతలు, పెదవులు, రేకులు, గుహ లాంటి లోపలి చీకటి. కొన్నింటి ముందు కాస్త సిగ్గేస్తుంది కూడా. వేయాలనే చేశారు. అయితే ఫలానా ఆగమం ప్రకారం ఫలానా దేవత అని ఏదీ లేదు. నామకరణం దేవతలది, రూపం పూర్తిగా ఆవిడది.

నేను వీటిని 2015లో ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో చూశాను. పెద్ద పునరవలోకన ప్రదర్శన అది. అది మొదలైన కొద్ది రోజులకే ఆవిడ పోయారు, 65 ఏళ్ల వయసులో. ఫోటోల్లో ఈ శిల్పాలు గట్టిగా, చెక్కలాగా కనిపిస్తాయి. ఎదురుగా నిలబడితే తెలుస్తుంది, ఇవి బరువుతో కిందికి దిగుతున్నాయి. పై మడత కింది మడత మీద వాలి ఉంటుంది. పక్కనుంచి చూస్తే ముడుల వరసలు నాగలి చాళ్లలా ఒంపు తిరుగుతూ పోతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ తాడు ఇలా ఇవ్వండి.

ఇది మామూలు జనపతాడు, కొట్లో కిలో లెక్కన కొన్నాం. ఇది పది మిల్లీమీటర్ల ఇనప చువ్వ, గుండ్రంగా వంచాం. తాడు సగానికి మడిచి చువ్వకి తగిలించాను. ఇలాంటివి పక్కపక్కన ఎనిమిది. ఇప్పుడు నాలుగు పోగులు తీసుకుంటే మధ్య రెండూ కదలవు, అటో పోగు ఇటో పోగు పనిచేస్తాయి. ఎడమది మధ్యవాటి మీంచి, కుడిది దాని మీదుగా దిగి, మధ్యవాటి వెనకనుంచి ఎడమ ఉచ్చులోంచి పైకి. బిగించు. ఇప్పుడు అదే కుడి నుంచి. బిగించు. ఇదే స్క్వేర్ నాట్. మీలో చాలామందికి వచ్చు.

ఇక్కడిదాకా హస్తకళ. ఇప్పుడు చూడండి. ఈ వరసలో నేను రెండు కొత్త పోగులు చేర్చాను. పక్క వరసలో ఇంకో రెండు. ఏమైంది? అల్లిక వెడల్పయింది, కాని చువ్వ వెడల్పు కాలేదు. ఎక్కడికి పోతుంది? బయటికి తిరుగుతుంది. రేకు విచ్చుకున్నట్టు అంచు బయటికి ఒంగింది. పోగులు తగ్గిస్తే లోపలికి ముడుచుకుంటుంది. గట్టిగా బిగిస్తే తోలులాగా బిరుసెక్కుతుంది, వదులుగా వేస్తే జారుతుంది. ఒక పోగుని అడ్డంగా పట్టుకుని మిగతావాటితో దాని మీద వరసగా చుట్టుముళ్లు వేస్తే ఇదిగో, ఇలా గట్టు లేస్తుంది. నరం లాగా, ఆకు ఈనె లాగా. ఉలి లేదు, అచ్చు లేదు. ఎన్ని పోగులు, ఎంత బిగువు అనే రెండింటితోనే రూపం వస్తోంది. శిల్పి మట్టితో చేసే పనిని ఆవిడ లెక్కతోనూ బిగువుతోనూ చేశారు.

ఆవిడ ముందుగా స్కెచ్ వేసుకునేవారు కాదు. నమూనా చేసుకునేవారు కాదు. ముడి మీద ముడి వేసుకుంటూ, ఎటు పోతోందో చూసుకుంటూ పోవడమే. ఒక్కో శిల్పానికి నెలలు పట్టేది. చేసేటప్పుడు అది వేలాడుతూ ఉంటుంది కాబట్టి, బరువు పెరిగే కొద్దీ పైన వేసిన ముడులు కూడా సాగి ఆకారం మారుతుంది. నిన్న చేసిన భాగం ఇవాళ నిన్నటిలా ఉండదు. దానికి తగ్గట్టు ఇవాళ్టి ముడి మార్చుకోవాలి. రాయి చెక్కేవాళ్లకి ఈ టెన్షన్ లేదు. రాయి రాత్రికి రాత్రి జారదు.

మరి చిత్రకళ ఎక్కడ? మీరు పెయింటింగ్ వాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా వినండి. నా ఉద్దేశంలో ఆవిడ పనిలో అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకున్నది రంగు గురించే.

మన దగ్గర రంగు వేసిన శిల్పాలకి కొదవ లేదు. కొండపల్లి బొమ్మ తీసుకోండి. పొణికి కర్ర చెక్కుతారు, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతుకుతారు, సున్నం పూస్తారు, ఆరాక రంగులు వేస్తారు. చేర్యాల నకాషీలు ఇంకా విచిత్రం. బట్ట మీద సుద్ద, చింతగింజల అంబలి పట్టించి దాని మీద పటం గీసేదీ వాళ్లే, కొబ్బరి చిప్ప మీద మాస్కులు చేసేదీ వాళ్లే, మందహెచ్చుల వాళ్లు కాటమరాజు కథ చెప్పడానికి వాడే బొమ్మలు చేసేదీ వాళ్లే. బట్ట, బొమ్మ, రంగు ఒకే ఇంట్లో. వాళ్లనెవరూ మిక్స్‌డ్ మీడియా ఆర్టిస్టులనలేదు, పాపం. ఇప్పటి వాళ్లలో మన రవీందర్ రెడ్డి ఉన్నారు. సూర్యాపేటలో పుట్టి, బరోడాలో చదివి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినాయన. ఆ పెద్ద పెద్ద ఆడవాళ్ల తలలు, బంగారు ముఖాలు, కొప్పుల్లో పూలు, రెప్ప వాల్చని కళ్లు. ఫైబర్‌గ్లాస్ మీద రంగు. రంగు లేకపోతే ఆ తలలకి సగం ప్రాణం లేదు.

వీటన్నిటిలో ఒక క్రమం ఉంది. ముందు ఆకారం, తర్వాత రంగు. రూపం అయిపోయాక బ్రష్ పట్టుకుంటారు. నచ్చకపోతే దాని మీద ఇంకో పూత వేయవచ్చు.

మృణాళిని దగ్గర ఈ క్రమం తిరగబడింది. తాడుకి ముందే రంగు అద్దేస్తారు. ఊదా, ఆవపిండి పసుపు, తుప్పు ఎరుపు, ముదురు ఆకుపచ్చ. రూపం ఇంకా పుట్టలేదు, స్కెచ్ కూడా లేదు, కాని రంగు సిద్ధంగా ఉంది. ముడి వేసేటప్పుడు ఏ రంగు పోగు పైకి రావాలి, ఏది లోపలికి పోవాలి అనేది ఆ క్షణంలో తేలాలి. ఇందాక చూశారు కదా, స్క్వేర్ నాట్‌లో పనిచేసే పోగు పైకి కనిపిస్తుంది, మధ్య పోగు దాక్కుంటుంది. అంటే రెండు పోగుల పాత్ర మార్చితే రంగు మారుతుంది, రూపం మారదు. ఇది తెలిసిన మనిషి తాడుతో బొమ్మ గీయగలదు. మడత బయట ఒక రంగు, మడత లోపలికి తిరిగేసరికి ఇంకో రంగు. నీడ దానంతట అది పడుతుంది, ఆ నీడలో ముదురు పోగు ఉంటే లోతు రెండింతలు కనిపిస్తుంది. చిత్రకారుడు నీడని వేస్తాడు. ఆవిడ నీడ పడే చోటు కూడా చేసి, దాని రంగు కూడా ముందే అద్ది పెట్టుకున్నారు. పెయింటింగ్‌లో డిగ్రీ ఊరికే పోలేదు.

అందుకే అన్నాను, ఇందులో పీకడానికి ముక్క లేదని. రంగు తీసేయాలంటే తాడు తీసేయాలి. తాడు తీస్తే శిల్పం లేదు.

కాస్త నీళ్లు ఇవ్వండమ్మా.

ఇక ఈ "ఇది కళా, హస్తకళా" గొడవ. దీని మీద నాకు పెద్దగా ఓపిక లేదు, కాని చెప్పాలి. 1969లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో నార పనుల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. లెనోర్ టానీ, షీలా హిక్స్, పోలండ్ నుంచి మగ్దలేనా అబకనోవిచ్, అందరూ ఉన్నారు. షీలా హిక్స్ మన పక్కనే కేరళలో, కోళికోడ్‌లో చేనేత వాళ్లతో కూర్చుని పనిచేసిన మనిషి. అబకనోవిచ్ రేవుల్లో పారేసిన పాత ఓడ తాళ్లు ఏరుకొచ్చి, పురి విప్పి, రంగు వేసి, గదంత ఎత్తు రూపాలు నేశారు. అలాంటి పనులున్న ప్రదర్శన గురించి శిల్పి లూయీ బూర్జ్వా ఒక పత్రికలో రాస్తూ, ఇవి అలంకారం స్థాయి దాటడం అరుదు అని తేల్చేశారు. ఆవిడ పుట్టింటివాళ్లు పాత టేపెస్ట్రీలు బాగుచేసే వ్యాపారంలో ఉన్నవాళ్లే! తమాషా ఏమిటంటే, అదే బూర్జ్వా ముసలితనంలో తన పాత బట్టలు, దుప్పట్లు కుట్టి శిల్పాలు చేశారు. అవి ఆవిడ గొప్ప పనుల్లో లెక్క. నేను ఎవర్నీ ఎద్దేవా చేయడం లేదు. అంతటి మనిషికే ఆ గీత దాటడానికి పాతికేళ్లు పైన పట్టిందని చెప్తున్నాను.

మృణాళినికి కూడా అదే ఎదురైంది. 1978లో బ్రిటిష్ కౌన్సిల్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లారు, 1994లో ఆక్స్‌ఫర్డ్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అయినా ఆవిడ్ని ఏ గదిలో పెట్టాలో చాలామందికి తెలియలేదు. ఆడమనిషి, చేతిలో తాడు, కాబట్టి ఫైబర్ ఆర్ట్ అనేశారు. న్యూయార్క్‌లో మెట్ మ్యూజియం వాళ్లు 2019లో అప్పటి తమ ఇంకో భవనం మెట్ బ్రూయర్‌లో దాదాపు 60 పనులతో ప్రదర్శన పెట్టారు, 2022లో వెనిస్ బియెనాలె అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో కూడా నార శిల్పాలు పెట్టారు. అప్పటికి ఆవిడ లేరు.

మన పల్లెల్లో ఇదంతా చూసినవాళ్లకి నవ్వొస్తుంది. కళ్లంలో ఎద్దు మూతికి కట్టే చిక్కం ఎవరైనా చూశారా? తాడుతో ముడులు వేసి, లోపల ఖాళీ ఉంచి, మూతి ఆకారానికి సరిగ్గా అల్లుతారు. మగ్గం లేదు, కొలత గీసుకోవడం లేదు. ఉట్టి అలాగే, నులక మంచం అలాగే. అది శిల్పమని నేను అనడం లేదు, అతి చేయకూడదు. ముడితో ఖాళీ చుట్టూ గోడ కట్టడం మన రైతులకి తెలిసిన విద్యే అంటున్నాను. తాడు కూడా వాళ్లే పేనుకునేవారు. గోగు నార, జనుము. శ్రీకాకుళం, విజయనగరం వైపు పిల్లలకి గోగు సంగతి నేను చెప్పక్కర్లేదు. కట్ట కట్టి చెరువులో నానేసి, కుళ్లాక నార ఒలవడం, ఆ వాసన... ఒక్కసారి ముక్కుకి తగిలితే జన్మలో పోదు.

మీలో ఎవరికైనా ఈ మెటీరియల్ మీద ఆసక్తి ఉంటే, ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి నార తీసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఏ నార ఎంత బిరుసు, ఏది నీళ్లు పీలుస్తుంది, ఏది ఎండకి పసుపెక్కుతుంది అనేది వాళ్లు చెప్పినట్టు ఏ వెబ్‌సైటూ చెప్పదు.

ఇంకొక్క సంగతి చెప్పి ప్రశ్నలకి వస్తాను. ఆవిడ జీవితమంతా తాడుతోనే ఉండిపోలేదు. 1996లో నెదర్లాండ్స్‌లో ఒక పింగాణీ కేంద్రానికి వెళ్లి మట్టి పట్టుకున్నారు. "నైట్ బ్లూమ్" వరస అక్కణ్ణుంచి వచ్చింది. 2000 తర్వాత కంచు. మైనంతో రూపం చేసి పోత పోయడం. చివరి ఏళ్లలో చేసిన "పామ్‌స్కేప్" పనుల్లో తాటి, ఈత జాతి మట్టల ఒరలు, ఈనెలు, చీలికలు కంచులో కనిపిస్తాయి. నార శిల్పాలు చూసి ఇవి చూస్తే చెయ్యి అదేనని తెలిసిపోతుంది. ముడి పోయింది, మడత మిగిలింది. కొందరికి కంచు పనులే ఎక్కువ ఇష్టం. నాకు నార పనులే. కంచుకి ఎలాగూ గౌరవం ఉంది, అది పుట్టుకతోనే పెద్దింటి బిడ్డ.

అడగండి. ఆ, మీరు, నీలం చొక్కా.

(ప్రశ్న: స్కెచ్ లేకుండా చేశారన్నారు. మాకు ప్రిపరేటరీ డ్రాయింగ్‌కి మార్కులుంటాయి కదా మేడమ్?)

(నవ్వులు) మీ సార్లు ఇక్కడే కూర్చున్నారు, నన్ను ఇరికించకండి. డ్రాయింగ్ వేయండి, మార్కులు తెచ్చుకోండి. కాని ఈ వర్క్‌షాప్ అయ్యేవరకు కాగితం ముట్టుకోవద్దు. డ్రాయింగ్ వేసుకుంటే తాడుని ఆ డ్రాయింగ్ లాగా వంచాలని చూస్తారు, అది వంగదు, మీకు విసుగొస్తుంది. ముందు వంద ముడులు వేసి, అది ఎటు పోతానంటోందో చూడండి. డ్రాయింగ్ తర్వాత వేయండి, అయిపోయిన ముక్కని చూస్తూ. మార్కులకి అది చాలు, వరస ఎవరడుగుతారు?

(ప్రశ్న: ఇంత పెద్దవి ఆవిడ ఒక్కరే చేశారా?)

లేదు, సహాయకులున్నారు. అంత తాడు ఏరి, రంగు అద్ది, అల్లడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. మంచి ప్రశ్న ఇది. మన దేశంలో పెద్ద ఆర్టిస్టుల వెనక చేతిపని తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల పేర్లు లేబుల్ మీద ఉండవు. మీరు రేపు ఒక నేత మనిషితోనో, బొమ్మలు చేసేవాళ్లతోనో కలిసి పనిచేస్తే, కూలీ ఎంత, పేరు ఎక్కడ వేస్తాం అనేది పని మొదలవకముందే మాట్లాడుకోండి. ప్రదర్శన అయ్యాక మాట్లాడుకుంటే మొహాలు చూసుకోలేరు.

(ప్రశ్న: తాడు పాడైపోదా? పురుగు పడితే?)

పడుతుంది. ఎలుక కూడా కొరుకుతుంది. మ్యూజియాల్లో ఇలాంటి వాటి మీద వెలుతురు తక్కువ ఉంచుతారు, 50 లక్స్ దగ్గర. లక్స్ అంటే వెలుతురు కొలత. గ్యాలరీ చీకటిగా ఉందని విసుక్కుంటాం, అందుకే అది. పురుగుకి మందు కొట్టేకన్నా చల్లదనం మేలు. గాలి చొరకుండా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, మైనస్ 30 డిగ్రీల దగ్గర మూడు రోజులు, లేదా మైనస్ 20 దగ్గర ఒక వారం పైన ఉంచుతారు. చిన్న ముక్కలకి తెలిసినవాళ్ల డీప్ ఫ్రీజర్ అడుక్కోవచ్చు, ఐస్‌క్రీమ్ తీయించేసి. (నవ్వులు) బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవర్ విప్పొద్దు, తేమ పట్టేస్తుంది. ఇనప చువ్వకి రెడ్ ఆక్సైడ్ వేయకుండా తాడు చుట్టొద్దు. వానాకాలం వచ్చేసరికి తుప్పు మరక బయటికొస్తుంది, దాన్ని ఏ రంగూ దాచలేదు.

(ప్రశ్న: రంగు ఏది వాడాలి మేడమ్? తాడు కోస్తే లోపల తెల్లగా ఉంటోంది.)

పొడి తాడుని రంగునీళ్లలో ముంచితే అలాగే అవుతుంది. ముందు రోజు రాత్రే మామూలు నీళ్లలో నానబెట్టండి, కాస్త సబ్బు పొడి వేసి. కొట్టు తాడుకి మిల్లులో నూనె పట్టించి ఉంటారు, అది పోవాలి. పిండి, తడిగా ఉండగానే రంగులోకి. కొట్లో దొరికే మెరిసే రంగుల్లో చాలావాటిని జనపనార చక్కగా పట్టుకుంటుంది, కాని ఎండకి త్వరగా వెలుస్తాయి. నారతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ రంగులు కొంచెం డల్‌గా వస్తాయి, నిలబడతాయి. నేను అవే తెచ్చాను. రంగు వేశాక పూర్తిగా ఆరాలి. తడి తాడుతో ముడి వేస్తే ఆరాక వదులైపోతుంది. అందుకే మీ అందరి తాళ్లూ నిన్ననే నానబెట్టించాం, వెనక వరండాలో బకెట్లలో ఉన్నాయి.

ఒక్కో బకెట్‌కి నలుగురు. పొడవు లెక్క గుర్తుపెట్టుకోండి. మీకు కావలసిన అల్లిక పొడవుకి పోగు నాలుగింతలు ఉండాలి, సగానికి మడిచి తగిలిస్తారు కాబట్టి కోసే తాడు ఎనిమిదింతలు. తక్కువ కోస్తే మధ్యలో అతుకు పడుతుంది. చేతులకి గ్లోవ్స్ టేబుల్ మీద పెట్టాం. పాత బట్టలు తెచ్చుకోని వాళ్లు ఎప్రన్ అడిగి తీసుకోండి. ముందు ఊదా, పసుపు చేద్దాం, ఆకుపచ్చ టీ తర్వాత.